కొలత వేసిన చేయి

మన ఇంట తెలుగు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో. ఇట్లు రెండు భాషల నడుమ పెరుగు బిడ్డకు మార్కులు తగ్గినచో, ఆ కొరత బుద్ధిదా, భాషదా? ఈ విషయమున కార్ల్ బ్రిగమ్ చరిత్ర మనము తెలిసికొనదగినది.

ఆయన అమెరికాలో ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రాచార్యుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అచట సుమారు 17 లక్షల సైనికులకు బుద్ధిపరీక్షలు జరిగినవి. ఆ లెక్కలను పరిశోధించి, దక్షిణ, తూర్పు ఐరోపాల నుండి వచ్చినవారు బుద్ధిలో తక్కువవారని 1923లో ఒక గ్రంథమున తేల్చెను. అమెరికాలో ఎక్కువ ఏండ్లు గడపిన వలసవారికి ఎక్కువ మార్కులు వచ్చినట్లు ఆయన పట్టికలలోనే కలదు. ఇంగ్లీషు అలవడిన కొలది మార్కు పెరిగినదని మనబోటివారికి తోచును. పండితునికి మాత్రము, రానురాను వచ్చువారి జాతియే దిగజారుచున్నదని తోచినది! 1924లో ఆ దేశము పుట్టిన దేశములనుబట్టి వలసలను కుదించుచు శాసనము చేసెను. దానికి ఈ గ్రంథమొక్కటే కారణమనజాలము.

1926లో కళాశాల ప్రవేశమునకు సాట్ పరీక్షను రూపొందించినదియు ఈయన నాయకత్వముననే. అయితే 1930లో ఆయన తన పూర్వనిర్ణయము నిరాధారమని తానే ప్రకటించెను. ఇంట వేరొక భాషగాని, రెండు భాషలుగాని వాడువారిని పరీక్షాభాషతో కొలిచి ఇతరులతో పోల్చరాదని వ్రాసెను. ఇట్టి నిజాయితీ అరుదు, దానికి నమస్కరింతుము. కాని ఆ పరిమితుల పద్ధతి 1965 నాటి శాసనముతో గాని తొలగలేదు. ఈలోపల రేవులలో ఆగిపోయిన కుటుంబములకు ఆ వ్యాసము ఏమి తిరిగి ఇచ్చినది?