ఎండ ఎవరికి అలవాటు?

చిలకలూరిపేటలో అది నా మొదటి ఎండాకాలం. మేడ మీద వాటా, పైన ఉత్త స్లాబు. సాయంత్రం ఆరింటికి కుళాయి తిప్పితే ట్యాంకులోంచి దిగే నీళ్లు చెయ్యి పెట్టనిచ్చేవి కావు. రాత్రి పదింటికి గోడకు వీపు ఆనిస్తే పొయ్యి గోడకు ఆనుకున్నట్టుండేది. మాది మదనపల్లె, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. అక్కడ మే నెలలోనూ తెల్లవారుజామున దుప్పటి కోసం తడుముకుంటాం. బ్యాంకు బదిలీ కాగితం వచ్చిన రోజు మా ఇంట్లో ఇంటద్దె ఎంత, అన్నం ఎక్కడ తింటావు అని ఎవరూ అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆ ఎండలకు తట్టుకుంటావా?"

కింద వాటాలో ఉండే ఇంటిగలావిడ ఒక్క మాటలో తేల్చేసింది. "నీళ్లు పడాలి బాబూ. ఒక్క వేసవి గడిచిందంటే ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. రోహిణి కార్తె దాటనియ్." పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకోవడం, పొద్దుగూకాక డాబా మీద రెండు బిందెలు కుమ్మరించి ఆవిరి తగ్గాక చాప వేసుకోవడం ఆవిడే నేర్పింది.

నీళ్లు పడటం. గమ్మత్తైన మాట. నాకు ఆ ఊరి నీళ్లు పడలేదంటాం గానీ, నేను ఆ ఊరి నీళ్లకు పడలేదని అనం. ఒప్పుకోవలసింది నీళ్లు. మనం వెళ్లి వాటి గుమ్మంలో నిలబడతాం, అంతే. శరీరశాస్త్రం దీన్ని కొంచెం వివరంగా చెబుతుంది. ఎండలో రోజూ కాసేపు పనిచేస్తే పది, పద్నాలుగు రోజుల్లో ఒంట్లో మార్పు కనిపిస్తుంది. చెమట త్వరగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో నీటిపాలు పెరిగి గుండె మీద బరువు తగ్గుతుంది. అయితే కొన్ని వారాలు చల్లటి చోట ఉండి వస్తే ఈ సంపాదనంతా కరిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. ఇంకో సంగతి. మనిషి ఒంట్లో ఎన్ని చెమట గ్రంథులు పనికి దిగుతాయన్నది పుట్టాక మొదటి రెండు మూడేళ్లలోనే, పెరిగిన చోటి వేడిని బట్టి స్థిరపడుతుందని జపాన్ శాస్త్రవేత్త యాస్ కునో చెప్పాడు. ఆ లెక్కన నేను పేటలో ముప్పై ఏళ్లు ఉన్నా నా చర్మం మదనపల్లె పసివాడిదే. రేషన్ కార్డు మార్చుకోవచ్చు, ఓటు మార్చుకోవచ్చు, ఆ గ్రంథుల పట్టీ మాత్రం మారదు.

దీన్ని ఇక్కడితో వదిలేస్తే నాకు బాగానే ఉండేది. కానీ మార్చిలో పంట రుణం పని మీద కోటప్పకొండ వైపు ఒక మిరపచేనికి వెళ్లాను. తిరునాళ్లు అయిపోయి పది రోజులైంది. శివరాత్రికి చలి 'శివ శివా' అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆ ఏడు వెళ్తూ తలుపు కూడా గట్టిగా వేసి పోయింది. చేలో కోత నడుస్తోంది. కూలీలంతా కర్నూలు పడమటి వైపు నుంచి, కోసిగి చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు. ఏటా చలికాలంలో పిల్లాజెల్లా సహా వస్తారు, ఉగాది ముందో వెనకో వెళ్తారు. గట్టు పక్కనే నల్ల పట్టాలతో గుడిసెలు. "వాళ్లకేం సార్, ఎండ అలవాటే" అన్నాడు రైతు, నేనేమీ అడక్కుండానే.

సంచి నింపి గట్టెక్కిన ఒకామె పట్టా నీడలో ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి వెళ్లింది. రెండు అరచేతులూ దూరంగా ఎత్తిపట్టి, ముంజేతుల మధ్య ఇరికించుకుని బిడ్డను లేపింది. బిడ్డ ముఖం ఆమె మెడ వైపు తిరిగితే గడ్డంతో పక్కకు నెట్టింది. పొద్దుటి నుంచి కాయ కోసిన చేతులు. మిరప మంట నీళ్లకు వదలదు. నూనె రాసి, సబ్బుతో రుద్దుకున్నాక కూడా రాత్రి దాకా బిడ్డ కళ్ల దగ్గరికి వేలు పోనివ్వదట. రైతు మాట చెవిలో ఉండి నేనూ అదే అడిగాను: "ఎండ మీకు అలవాటేనా అమ్మా?"

"అలవాటేముంది సార్. మండేది మండుతాంటది. చెప్తే తగ్గుతాదా?"

ఇంటిగలావిడ నాకు అలవాటవుతుందని చెప్పింది, నా మీద జాలితో. రైతు ఆమెకు అలవాటేనన్నాడు, జాలి అక్కర్లేదని. మాట ఒకటే. నొప్పి మానడం వేరు, నొప్పి చెప్పడం మానడం వేరు. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరైనా మౌనంగా పనిచేసుకుపోతుంటే ఒళ్లు ఒప్పుకుందనుకోవాలా, నోరు ఓడిపోయిందనుకోవాలా? రైతు మీద తప్పు పెట్టి నేను తప్పుకోలేను. ఆ వారమే కూలరు కొన్నాను, మరుసటి వేసవికి ఏసీ. పేట ఎండ అలవాటైపోయిందని మా అక్కకు ఫోనులో గొప్పగా చెప్పింది ఏసీ గదిలో కూర్చునే.

మన ఆయుర్వేద వైద్యులకు ఇలాంటి తేడా ఒకటి తెలుసు. చరకుడు ఓకసాత్మ్యం అని ఒక మాట వాడాడు. వాడగా వాడగా ఒంటికి పడిపోయినది అని అర్థం. ఉప్పూ క్షారమూ అతిగా తినే ప్రాంతాల వాళ్లకు అవి అలా పడిపోయాయని, పడినంత మాత్రాన మేలు చేసినట్టు కాదని, మెల్లమెల్లగా మానిపించాలని చెప్పాడు. పడటం వేరు, హితం వేరు. మిరపచేను గట్టు మీద నిలబడ్డవాడికి ఆ వివేకం ఎటు పోయిందో!

ఈ నేల నుంచి వెళ్లిన వలసలూ తక్కువేం కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీళ్లు నిలిచాక గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు ఇక్కడి ఎకరాలు అమ్ముకుని సింధనూరు, గంగావతి వైపు వెళ్లారు. క్యాంపులు కట్టుకుని జొన్న పండే రేగడిలో వరి నాటారు. సింధనూరు ఎండ పేట ఎండకు తీసిపోదు. వాళ్లు పడ్డ పాట్లనూ తక్కువ చేయను. కానీ ఆ కథ చెప్పుకునేటప్పుడు ఎవరూ ఎండకు అలవాటు పడ్డారనరు, నేలను మార్చారంటారు. అదే తుంగభద్రకు ఈవలి వైపున్న కోసిగి, కౌతాళం మండలాల్లో వాన తప్పితే దిక్కులేని చేల నుంచి ఈ కూలీలు ఇటొస్తారు. డబ్బు పట్టుకెళ్లినవాడికి ఊరు అలవాటు పడింది. చేతులు పట్టుకొచ్చినవాళ్లు ఊరికి అలవాటు పడాలి. మూడోవాణ్ని నేను, నెల జీతం పట్టుకొచ్చినవాణ్ని. నాకు ఊరూ అలవాటు పడలేదు, నేనూ పడలేదు. మధ్యలో కరెంటు బిల్లు కడుతున్నాను.

అలవాటే కాపాడేదైతే 2015 మే నెల సంగతేమిటి? ఆ ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఎక్కువమంది ముసలివాళ్లు, ఆరుబయట కూలి చేసుకునేవాళ్లు. నాలాగా చల్లటి ఊళ్ల నుంచి దిగినవాళ్లు కారు. ఈ ఎండలోనే పుట్టి, ఈ ఎండలోనే పెరిగి, ఎండ అలవాటేనని అందరిచేతా అనిపించుకున్నవాళ్లు.

మా మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. ఒకప్పుడు ఎక్కడెక్కడి క్షయరోగులనో అక్కడి గాలి కోసం పంపేవారు. రోగి ఊరు మారితే రోగం మారుతుందని నమ్మిన కాలం. 1959లో మద్రాసులో వైద్య పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఇరుకు ఇళ్లలో ఉండి మందులు వాడిన పేదలకూ శానిటోరియంలో ఉంచి అవే మందులిచ్చినవాళ్లతో సమానంగానే నయమైంది. చేసింది మందు. గాలికి మనం ఉత్తపుణ్యానికి పేరిచ్చాం. ఎండ దగ్గర మాత్రం ఇంకా ఒంటి మీదే భారం వేసి కూర్చున్నాం. నీడ, నీళ్లు, నడిమధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వీలు ఇవ్వవలసిన చోట అలవాటు అనే మాట ఇచ్చి పంపుతున్నాం. దానికి పైసా ఖర్చు లేదు మరి.

సంక్రాంతికల్లా ఆ మిరప కూలీలు మళ్లీ వస్తారు. మీకు మిరపచేను ఉంటే గట్టు మీద నాలుగు గుంజలు పాతి తాటాకు పందిరి వేయించండి. పట్టా కింద నీడ ఉంటుంది గానీ ఉడుకు పోదు. ఎండ ముదిరాక పన్నెండు నుంచి మూడింటి దాకా కోత ఆపించండి. కిలోల లెక్కన కూలి అయితే ఆగినంతసేపూ నష్టం వాళ్లదే, కాబట్టి అదీ కలిపి లెక్క కట్టండి. పందిరి గుంజకు ఒక కొబ్బరినూనె సీసా వేలాడదీయండి, బిడ్డతల్లులు ఉంటారు.