పందెములో గెలుచువాడెవడు?

ధ్యాన భాగములు: ప్రసంగి 9:11, 1 సమూయేలు 16:1–13, హెబ్రీయులకు 12:1, 2



2022 మే నెల ఆఖరి ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత, మన సంఘ యౌవనస్థుడొకడు గుడి వాకిట నిలిచి, "అయ్యగారూ, చిన్న ప్రార్థన చెయ్యాలి" అనెను. అతని చేతిలో ఫోను ఉండెను. ఆ సాయంత్రము మొనాకోలో కార్ల పందెము జరుగవలసియుండెను. గెలుచువాడు ఫలానా వాడని ముందుగా పేరు చెప్పి, అతడు ఫోనులోనే డబ్బు కాచియుండెను. అది తొలకరికి విత్తనములు కొనుటకై తల్లి దాచుకొనిన సొమ్ము. ఆమెకు సంగతి తెలియదు.

ఆ ప్రార్థన నేను చేయలేదు. అతనిని లోనికి పిలిచి బల్లమీద కూర్చుండబెట్టి, "ఆ పేరే ఎందుకు చెప్పావురా?" అని అడిగితిని. "మొదటి స్థానంలో నిలబడేది అతని కారే అయ్యగారూ. పైగా అతను పుట్టింది ఆ ఊళ్లోనే. అక్కడ ముందున్నవాణ్ణి దాటడం ఎవరివల్లా కాదు" అనెను.

అతని మాటలో నిజము లేకపోలేదు. మొనాకో సముద్రపుటొడ్డున నున్న బహు చిన్న దేశము. 1929 నుండి అక్కడ ఈ పందెము జరుగుచున్నది. దీనికి వేరుగా మైదానము లేదు. జనులు దినదినము తిరుగు వీధులకే ఇరుప్రక్కల ఇనుప కమ్ములు బిగించి పందెపు బాట చేయుదురు. ఒక్క చుట్టు 3.337 కిలోమీటర్లు, అటువంటివి 78 చుట్లు తిరుగవలెను. బాట ఇరుకు, మలుపులు మెండు. కావున పూర్వదినమున ఒంటిచుట్టులో ఎక్కువ వేగము చూపి మొదటి స్థానము సంపాదించినవాడే గెలుచునని అందరును తలంతురు.

ఆ సాయంత్రమేమి జరిగెను? వాన కురిసెను. మొదట నిలిచిన షార్ల్ లెక్లెర్, టైర్లు మార్చు వేళ తప్పుటచేత, నాల్గవవాడై వచ్చెను. మూడవ స్థానము నుండి బయలుదేరిన సెర్జియో పెరెజ్ గెలిచెను. మన చిన్నవాని విత్తనపు సొమ్ము పోయెను.

ప్రియులారా, వడిగా పరుగెత్తువానికే గెలుపు నిశ్చయమని తలంపవద్దని ప్రసంగి ఏనాడో హెచ్చరించెను. ఆ వీధుల పందెమునుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది: ముందున్నవాడు అతిశయపడరాదు. 1988లో అదే మొనాకోలో బ్రెజిలు దేశస్థుడైన ఐర్టన్ సెన్నా అందరికంటె ముందు నడిచెను. వెనుకవానికిని అతనికిని దాదాపు 50 సెకనుల ఎడముండెను. ఇక నెమ్మదిగా నడుపుమని అతని వారు చెప్పిరి. అతనిని తరుముకొని దగ్గరకు వచ్చినవాడు లేడు, తాకినవాడును లేడు. అయినను 67వ చుట్టులో ఒక మలుపున తనంతట తానే కమ్మికి కొట్టుకొని ఆగిపోయెను. అలెన్ ప్రోస్ట్ గెలిచెను. నిలిచియున్నానని తలంచువాడు పడకుండ చూచుకొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఇందుకే కదా! శోధన తరుముచున్నప్పుడు మెలకువగా నుందుము. అంతయు బాగున్నదనుకొను దినముననే చేయి సడలును. అయితే సెన్నా కథ అక్కడ ముగియలేదు. 1989 మొదలుకొని 1993 వరకు వరుసగా 5 మారులు ఆ వీధులలోనే అతడు గెలిచెను. పడిన పేతురును ప్రభువు మరల నిలువబెట్టలేదా?

రెండవది: వెనుకనున్నవానిని తీసివేయరాదు. 1996 మే 19వ తేదీన ఒలివియే పానిస్ అనునతడు 14వ స్థానము నుండి బయలుదేరెను. అతని పేరు చెప్పినవారెవరు? బాట తడిసియుండెను. మొదట నిలిచిన మైకేల్ షూమాకర్ మొదటి చుట్టులోనే గోడకు కొట్టుకొనెను. తరువాత ముందు నడిచిన డేమన్ హిల్ కారు ఇంజను చెడిపోయెను. అతని తరువాత ముందుకు వచ్చిన జాన్ అలేసీ కారును చెడి ఆగెను. గెలుపు జెండా క్రిందుగా దాటినవి మూడే కార్లు. వాటిలో మొదటిది పానిస్‌దే. ఇది అదృష్టమని మీరనవచ్చును. కాని బాట ఆరుచున్నదని గ్రహించి వేళకు టైర్లు మార్చుకొని, జారు వీధిలో కడవరకు బాట విడువక నిలిచినవానికే ఆ గెలుపు దక్కెను.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట నా ఆదివారపు బడిలో ఇద్దరు పిల్లలుండిరి. ఒకడు అధ్యాయములకు అధ్యాయములు చూడక వల్లించెడివాడు. వీడు సంఘమునకు స్తంభమగునని నేను అందరితో చెప్పితిని. రెండవవాడు నత్తివాడు, వెనుక చాపమీద కూర్చుండువాడు; వానిని గూర్చి నేనేమియు చెప్పలేదు, చెప్పదగినది లేదనుకొంటిని. నేడు మొదటివాడు గుడి గడప తొక్కుట లేదు. రెండవవాడు ప్రతి శనివారము గుడి ఊడ్చి, దీపములు తుడిచి, మంచము పట్టినవారి యిండ్లకు వెళ్లి వారి ప్రక్కను కూర్చుండుచున్నాడు. సమూయేలంతటి ప్రవక్త ఏలీయాబు ఎత్తును చూచి పొరబడెను. గొఱ్ఱెల యొద్దనున్న కడగొట్టువానిని పిలుచువరకు యెహోవా అతనిని కూర్చుండనియ్యలేదు. ప్రభువా, నీ పిల్లలలో ఎవడు గెలుచునో నేనే ముందుగా చెప్పబోయిన గర్వమును క్షమించుము.

మూడవది: తోటివానికి అడ్డము కారాదు. ఇది మన హైదరాబాదులోనే జరిగినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు ఒడ్డున, నగర వీధులలోనే, విద్యుత్తుతో నడుచు కార్ల పందెము జరిగెను. మొదట నిలిచినవాడు మిచ్ ఎవాన్స్. అతనిని పడగొట్టినదెవరు? ఎదుటి జట్టువాడు కాడు. తన జట్టువాడైన శామ్ బర్డ్ కారే మలుపులో వచ్చి తగిలెను. ఇద్దరి పందెమును అక్కడనే ముగిసెను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. సహోదరులారా, మన గ్రామ సంఘములలో అన్యుని వలన పడినవారెందరు? తోటి విశ్వాసి మాట తగిలి, పెద్దల కక్షలు తగిలి పడినవారెందరు? ఎవరికి వారే లెక్క చూచుకొనుడి.

యౌవనస్థులారా, డబ్బు పెట్టి ఫోనులో ఆడు ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము వాకిలి మూయగలదు గాని, కష్టపడక కలిమి కోరు ఆశను హృదయములో నుండి తీయజాలదు. దానిని ప్రభువే తీయవలెను. ఆ చిన్నవాడు తల్లి పాదములయొద్ద నిజము చెప్పి, ఆ యేడు నాట్లకును కోతలకును కూలికి పోయి, సొమ్మంతయు తిరిగి ఆమె చేతిలో పెట్టెను. 2024లో అదే లెక్లెర్ అదే మొనాకోలో గెలిచిన మరునాడు నాయొద్దకు వచ్చి నవ్వుచు, "ఈసారి పందెం కాయలేదయ్యగారూ, ఊరికే చూశాను" అనెను. అతడు గెలిచిన పందెము అదియే.

ప్రియులారా, లోకపు పందెములో గెలుచువాడు ఒక్కడే, తక్కినవారందరు ఓడినవారే. మన పందెమట్లు కాదు. పౌలు తన పరుగు ముగించి, ఆ కిరీటము తనకు మాత్రమే గాక ప్రభువు ప్రత్యక్షతను ప్రేమించు వారందరికిని ఉన్నదని సాక్ష్యమిచ్చెను. గనుక ఎవరు ముందు, ఎవరు వెనుక అని ప్రక్కచూపులు చూడక, మనకంటె ముందుగా సిలువ బాట నడిచిన యేసువైపు చూచుచు ఓపికతో పరుగెత్తుదము.

ప్రార్థన: ప్రభువా, ముందున్న మాకు మెలకువను, వెనుకబడిన మాకు నిరీక్షణను, పడిన మాకు నీ చేతిని దయచేయుము. కడవరకు బాట విడువని కృపనిమ్ము. ఆమేన్.