బిడ్డ ఇంటి సంగతి అడుగవచ్చునా?

ఒక తల్లి జబ్బుపడిన బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రికి వచ్చినదనుకొనుడి. వైద్యుడు నాలుక చూచెను, కనురెప్ప తీసి చూచెను, బలమునకు మందు వ్రాసెను. "అమ్మా, రాత్రి పిల్లవాడు ఏమి తిన్నాడు?" అని మాత్రము అడుగలేదు. మందు సీసా ఖాళీ అయినది. పిల్లవాడు చిక్కియే యున్నాడు. తప్పు మందుదా? కాదు. అడుగవలసిన మాట అడుగకపోవుటయే తప్పు.

బిడ్డల రోగములలో అనేకము శరీరమందు కనబడును గాని ఇంటియందు పుట్టును. చెడు నీటివలన విరేచనములు, పొయ్యి పొగవలన దగ్గు, చాలని తిండివలన నీరసము కలుగును. అంగన్‌వాడీలోని త్రాసు బిడ్డ బరువు తగ్గినదని చెప్పును గాని, ఎందుకు తగ్గినదో చెప్పనేరదు. అందుకొరకే 2015వ సంవత్సరమున అమెరికా దేశపు శిశువైద్యుల సంఘమువారు, తమయొద్దకు వచ్చు ప్రతి కుటుంబమును రెండు సంగతులు అడుగుడని వైద్యులకు సలహా యిచ్చిరి. గడచిన 12 నెలలలో తిండి అయిపోవునేమోయని దిగులుపడితిరా? కొన్న తిండి చాలక, మరల కొనుటకు డబ్బు లేక యుంటిరా? అంతటి ధనిక దేశములోనే ఈ ప్రశ్నలు అవసరమగుట మనము ఆలోచింపదగిన సంగతి.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. బీదవాని ఆకలి అతని రహస్యము. పదిమందిలో అడిగినయెడల తల్లి తల వంచుకొని, "మాకేమీ లోటు లేదండీ" అనును. బిడ్డను సరిగా పెంచలేదని నింద వేయుదురేమోయని భయపడును. అడిగినవాడు కాగితముమీద వ్రాసికొని పోయి తిరిగి రానియెడల ఆమెకు అవమానమే మిగులును. తీర్చలేని అక్కరను బయట పెట్టించుట న్యాయమా? ఆ దేశపు వైద్యులలోనే కొందరు ఈ ప్రశ్న వేసిరి.

ఒక పాత సంగతి దీనికి జవాబు చెప్పును. మిస్సిసిప్పి రాష్ట్రమందలి మౌండ్ బాయూ అను ఊరిలో 1967లో జాక్ గైగర్ అను వైద్యుడును అతని తోడివారును బీద నల్లజాతివారి కొరకు ఆరోగ్య కేంద్రము తెరచిరి. తిండి లేక చిక్కిన బిడ్డలను చూచి, వారు మందుచీటిమీద ఆహారము వ్రాసియిచ్చిరి. దుకాణదారులు సరుకులిచ్చి లెక్క ఆరోగ్య కేంద్రమునకు పంపిరి. మందుల డబ్బు తిండికి వాడుట ఏమని పైవారు ఆక్షేపింపగా, తిండిలేమివలన వచ్చిన జబ్బుకు వైద్యగ్రంథములలోని మందు ఆహారమేయని గైగర్ బదులు చెప్పెను. పిమ్మట ఆ ప్రజలే కూడి సహకార వ్యవసాయము పెట్టి, తమ కూరగాయలు తామే పండించుకొనిరి.

కాబట్టి అడుగుట తప్పు కాదు. అడిగి ఊరకుండుట తప్పు. అందరినీ ఒకే రీతిగా అడుగవలెను. అప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్లుండదు. చాటుగా అడుగవలెను. చెప్పననుటకు తల్లికి స్వేచ్ఛ నియ్యవలెను. విన్న మాట వీధిలో పెట్టరాదు. అక్కర అంతయు తీర్చలేకపోయినను, సహాయము దొరకు చోటికి తోడు వెళ్లవచ్చును గదా.

సహోదరీ సహోదరులారా, వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి వేరుగా ఉంచు అలవాటు మన పల్లె సంఘములలో అనేక చోట్ల కలదు. ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో తెలియనియెడల ఆ పిడికెడు అచ్చటికి ఎట్లు చేరును? ఈ వారము మీ వీధిలో చిక్కిన బిడ్డ కనబడినయెడల, తల్లిని ప్రక్కకు పిలిచి నెమ్మదిగా అడుగుడి. అడుగుటకు ముందు మాత్రము మీ ఇంటి బియ్యపు కుండలో చేయి పెట్టి చూచుకొనుడి.