కంటికి కనిపించని బిగువు



మీ ఇంట్లో గాజు పూసల జపమాల ఉంటే ఒకసారి తీసి వెలుతురుకెత్తి చూడండి. పూసకూ ప్రార్థనకూ చుట్టరికం పాతది. ఇంగ్లీషులో పూసను 'బీడ్' అంటారు. ఆ మాటకు మొదట ఉన్న అర్థం ప్రార్థన. వెనిస్ నగరంలో ఒకప్పుడు జపమాల పూసలు చేసేవారిని 'పాతెర్నోస్త్రేరి' అని పిలిచేవారు. పరలోక జపానికి లాటిను భాషలో ఉన్న పేరు నుండి పుట్టిన మాట అది. అయితే ఈ వారం మీ ముందుంచదలచింది జపం సంగతి కాదు, పూస చేసే చేతుల సంగతి. అందులోనూ ఆ పని అప్పుడప్పుడే నేర్చుకుంటున్న చేతుల సంగతి.

మంట దగ్గర గాజు పూస చేయడాన్ని కొందరు సరదాకు, కొందరు నాలుగు డబ్బులకు నేర్చుకుంటారు. సన్నని ఉక్కు చువ్వకు మట్టివంటి పూత పూసి ఆరబెడతారు. పూత లేకపోతే కరిగిన గాజు ఉక్కును పట్టుకొని ఇక వదలదు. గాజు పుల్లను మంటకు ఒక్కసారిగా తగిలించకూడదు. తొందరపడితే అది చిట్లి ముక్కలు ఎగురుతాయి. మెల్లగా కాచి, కొన ఎర్రబడి తేనెలా జారుతున్నప్పుడు చువ్వ మీద చుట్టాలి. చువ్వను తిప్పుతూనే ఉండాలి. చేయి ఆగిందా, పూస ఒక ప్రక్కకు వ్రేలాడుతుంది. గాజులోని సోడియం వల్ల మంట పచ్చగా మెరిసి పని కనిపించనివ్వదు గనుక ప్రత్యేకమైన కళ్లద్దాలు కూడా కావాలి. ఇవన్నీ కొన్ని రోజుల సాధనతో పట్టుబడే విషయాలే. పూస వంకర పోయినా, రంధ్రం అంచు వాడిగా మిగిలినా చూసిన వెంటనే తెలుస్తుంది. నేర్చుకునేవాళ్లు సిగ్గుపడి మళ్లీ చేస్తారు.

అసలు చిక్కు పూస చక్కగా వచ్చిన తర్వాత మొదలౌతుంది. మంటలోనుండి తీసిన పూస పైభాగం ముందు చల్లబడి గట్టిపడుతుంది, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. అది ఆలస్యంగా చల్లబడి ముడుచుకోబోతే పైపొర కదలనివ్వదు. ఆ పెనుగులాట గాజులో బిగువుగా నిలిచిపోతుంది. దాన్ని పోగొట్టడానికి పూసను చిన్న బట్టీలో, మెత్తని రకం గాజైతే సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో, దాని లావును బట్టి కొంతసేపు నిలిపి, గంటల తరబడి నిదానంగా చల్లార్చాలి. ఇలా చేసిన పూసా, చేయని పూసా ప్రక్కప్రక్కన పెడితే మీరు గాని, నేను గాని తేడా చెప్పలేము. రెండూ ఒకేలా మెరుస్తాయి. కొన్ని చలువ కళ్లద్దాలలో వాడే రకం పలకలు రెండింటిని అడ్డంగా, నిలువుగా ఉంచి, వాటి మధ్య పారదర్శకమైన పూసను పెట్టి చూస్తే మాత్రం లోపలి బిగువు చారలుగా బయటపడుతుంది. అలా చూసి కొనేవారు ఎవరు? బిగువున్న పూస ఆ రోజే పగలవచ్చు, ఆరు నెలలకు పగలవచ్చు, పగలకుండానే ఉండిపోవచ్చు.

ఇప్పుడు ప్రశ్న. ఒక అమ్మాయి ఈ పని కొత్తగా నేర్చుకుంది. బట్టీ కొనే స్తోమత లేదు. వేడికి కాలని దుప్పటి మడతల్లో పూసను చల్లార్చింది. అలా చేస్తే అప్పటికప్పుడు పగలదు గాని బిగువు పూర్తిగా పోదు. పూస అందంగా ఉంది. పొరుగింటావిడ మెచ్చి వెల అడిగింది. అమ్మాయి ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసమా?

కాదనేవారి వాదనను తేలికగా తోసివేయలేము. ఆమె అబద్ధమాడలేదు. కొన్నావిడ ఏమీ అడగలేదు. పోయేది కొద్ది డబ్బే. పైగా పేదింటి పిల్ల కష్టపడి చేసిన వస్తువు.

పునీత తోమాస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే తన 'సుమ్మా' గ్రంథంలో ఈ ప్రశ్న వేసుకున్నాడు. అమ్మే వస్తువులోని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలా అని. ఒంటి కన్ను గుర్రాన్ని అమ్మేవాడు దాని కన్ను సంగతి చాటనక్కరలేదట. అది అందరికీ కనిపిస్తూనే ఉంది, వెల తగ్గిస్తే చాలు. కూలబోతున్న ఇంటిని గట్టి ఇల్లని అమ్మడం మాత్రం వేరు. లోపం దాగి ఉండి, కొన్నవాడికి నష్టమో, ప్రమాదమో తెచ్చేదైతే నోరు విప్పవలసిందే. మన అమ్మాయి చేసిన వంకర పూస ఒంటి కన్ను గుర్రం. బిగువున్న చక్కని పూస కూలబోయే ఇల్లు. ఇల్లెక్కడ, పూసెక్కడ అంటారేమో! పగిలిన గాజు అంచు సన్నని కత్తి. ఆ పూస జపమాలలో చేరిందనుకోండి, చీకట్లో తడుముకుంటూ జపించే ముసలమ్మ వ్రేలికి అది చిన్న విషయం కాదు. వెల తక్కువైనంత మాత్రాన దాపరికం మాటగా మారదు.

అలాగని తప్పంతా ఆ పిల్ల నెత్తిన వేయడం నాకు ఇష్టం లేదు. తెలియక అమ్మితే తప్పు ఆమెది కాదు. రెండు మూడు రోజులలో మెరిసే పూస చేయించి, చప్పట్లు కొట్టించి, చల్లార్చే పని గురించి ఒక్క ముక్క చెప్పకుండా పంపించే బోధకులదే పెద్ద తప్పు. చూడగానే 'అబ్బ, ఎంత బాగుంది!' అని, ఎలా చేశావని అడగని ఇంటివాళ్లకూ అందులో కొంత భాగముంది.

ఈ పని మనకేమీ విదేశీ వింత కాదు. నేటి తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో సన్నని గాజు గొట్టాన్ని కొలిమిలోనుండి చేత్తో లాగి పూసలు చేసే విద్య తరతరాలుగా నడిచింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వకాలలో బయటపడిన ప్రాచీన పూసల పద్ధతికి అది సంబంధించినదని అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ గత శతాబ్దం చివరి దశకాలలో వివరంగా వ్రాశాడు. కొలిమి ముందు గొట్టం లాగేవాని నేర్పు చూసి ఎవరైనా నివ్వెరపోతారు. కాని ఆ గొట్టాన్ని తరిగిన ముక్కల అంచులు వాడిగా ఉంటాయి. వాటిని బూడిదతో కలిపి వేడి చేసి నునుపు చేసే పని మరొకటి ఉంది. రంధ్రాలు మూసుకుపోకుండా, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా బూడిద కాపాడుతుంది. అందులో వింతేమీ లేదు, ఎవరూ మెచ్చుకోరు. అయినా దారం తెగకుండా దండ నిలిచేది దాని పుణ్యమే.

మరి బట్టీ లేని అమ్మాయి ఏం చేయాలి? ఊరికే ఇచ్చేటట్లయితే 'ఇది నా మొదటి పూస, పగలవచ్చు, పిల్లల చేతికివ్వకండి' అని చెప్పి ఇవ్వవచ్చు. అందువల్ల ఎవరి ప్రేమా తగ్గదు. అమ్మాలంటే ఒక వెసులుబాటు ఉంది. దుప్పటిలో పగలకుండా చల్లారిన పూసలను కూడబెట్టి, తర్వాత ఎప్పుడైనా అన్నింటినీ ఒకేసారి బట్టీలో పెట్టి మళ్లీ కాచి, నిదానంగా చల్లార్చవచ్చు. బిగువు అప్పుడైనా పోతుంది. చిన్న బట్టీలో కూడా వందల పూసలు పడతాయి. విచారణలో నలుగురు స్త్రీలు కలిసి ఈ పని నేర్చుకుంటుంటే తలా ఒక బట్టీ అక్కరలేదు, అందరికీ కలిపి ఒకటి చాలు. కుట్టుమిషన్లు పంచేటప్పుడు ఈ ఖర్చు కూడా ఒకసారి లెక్కవేసి చూడండి.