దయయు న్యాయమును

ఒక ప్రభుత్వము తన ప్రజలను విచారణ లేకయే చెరలో నుంచినప్పుడు పరరాజ్యములు నోరు విప్పవచ్చునా? అది వారి యింటి గొడవ యని యూరకుండుటయే మర్యాద యని కొంద రందురు. దండనకు ముందు విచారణ యుండవలెనన్నది మన ధర్మశాస్త్రకారులకును క్రొత్త మాట కాదు. కావున నా వాదముతో నాకు పని లేదు. నాకు తోచు చిక్కు వేరొకటి. నోరు విప్పినవారు దేని నడుగవలెను?

ఇండొనీషియా సంగతి చూడుడు. 1965 అక్టోబరు 1వ తేదీ తెల్లవారుజామున జకార్తాలో ఆరుగురు సేనానులు అపహరింపబడి హతులైరి. సైన్యము ఆ నేరమును కమ్యూనిస్టు పక్షముపై మోపెను. అంతవరకు ఆ పక్షము చట్టసమ్మతమైనదే. పిదప కొలది నెలలలోనే లక్షలకొలది జనులు చంపబడిరి; లక్షలకొలది చెరపాలైరి. బందీలను మూడు తరగతులుగా విభజించిరి. మొదటివారిని న్యాయస్థానమున నిలుపవచ్చును. మూడవవారు అనుబంధసంఘములలో చేరినవారు. ఇక రెండవ తరగతివారి మాట వినుడు: వీరి నేరము రుజువు చేయుటకు చాలిన సాక్ష్యము లేదు, కాని వీరు దోషులే యని ప్రభుత్వమునకు నమ్మకము, కావున విడువరాదు! తర్కము చదివినవారికి ఇది వింతగా తోపకమానదు. రుజువున్నవానికి తీర్పైనను దొరకును. లేనివానికి గడువే లేదు.

1969 నుండి వీరిలో సుమారు పదివేలమందిని బూరు ద్వీపమునకు పంపి, అడవి కొట్టించి, పొలములు దున్నించిరి. నవలాకారుడు ప్రమూద్య అనంత తూర్, వ్రాసికొనుటకు అనుమతి లేని కాలమున, తన కథలను తోడి ఖైదీలకు నోటితోనే చెప్పుచుండెను.

ఇండొనీషియాకు ధనసహాయము చేయు రాజ్యములు 1967లో నెదర్లాండ్సు అధ్యక్షతన ఒక కూటమిగా నేర్పడెను. కొన్ని యేండ్లకు ఆ ధనికరాజ్యములలోనే ఖైదీలను గూర్చి ప్రశ్నలు బయలుదేరెను. 1976 డిసెంబరులో ప్రభుత్వము ఏటేట కొందరిని విడుతునని ప్రకటించెను. 1977లో ఆమ్నెస్టీ సంస్థ నివేదికయు, కార్టరు ప్రభుత్వపు ఒత్తిడియు తోడయ్యెను. 1979 చివరకు బూరు ఖాళీ అయ్యెను. అడిగినవారి చేతులు శుభ్రమైనవి కావు. 1965లో కమ్యూనిస్టు నాయకుల పేర్ల పట్టికలను ఇండొనీషియావారి కందించినది జకార్తాలోని అమెరికా రాయబార కార్యాలయపు ఉద్యోగులే. అయినను వారి మాటవలన వేలకొలది యిండ్లకు తండ్రులును తల్లులును తిరిగివచ్చిరి. దోషము లేనివాడు వచ్చి యడుగువరకు బందీ చెరలోనే వేచియుండవలె నందుమా? నేననను.

కాని వారెక్కువగా నడిగినది "ఎప్పుడు విడుతురు?" అని. "ఏ నేరమునకు పట్టితిరి?" అని పట్టుబట్టినవారు తక్కువ. మొదటి ప్రశ్నకు ప్రభుత్వము దయతో జవాబు చెప్పవచ్చును. తాను తప్పుచేసితినని యొప్పుకొన నక్కరలేదు. జరిగినదియు నంతే. విడుదలయైనవారి గుర్తింపు చీటీలపై, పూర్వము రాజకీయ ఖైదీ యని తెలుపు రెండక్షరములు వేసిరి. వారికి ప్రభుత్వోద్యోగము లేదు; పత్రికలో వ్రాయరాదు; బడిలో పాఠము చెప్పరాదు (ఈ చివరిది నా వృత్తి గనుక నన్ను కొంత హెచ్చుగా బాధించును). తోలుబొమ్మలాడించువానికిని అదే నిషేధము. పిమ్మట వారి బిడ్డలకు సైతము, ఉద్యోగమునకు పోయినచోట, కుటుంబము "పరిశుద్ధమైనదా" యను పరీక్ష వచ్చెను.

2023 జనవరిలో అధ్యక్షుడు జోకో విడోడో 1965–66 నాటి ఘోరములు జరిగినవని యొప్పుకొని విచారము తెలిపెను. అప్పటికి బూరునుండి వచ్చినవారిలో పెక్కురు గతించిరి. వారు దోషులో కారో ఏ న్యాయస్థానమును చెప్పియుండలేదు.