నాన్నగారి పెట్టెలు

కాకినాడలో ఒక ఇంటి ముందుగదిలో రెండు చెక్క పెట్టెలు ఉండేవి. ఒక్కొక్కటీ పాతిక కిలోలకు కాస్త తక్కువ. అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీవాళ్ళ ఏఆర్-3ఎ స్పీకర్లు. ఆ ఇంటాయన బోస్టన్‌లో చదువు ముగించుకుని 1972లో తిరిగొస్తూ ఓడలో వేయించి తెచ్చుకున్నారు. ఆయన పోయాక అవి పెద్దకొడుకు సొంతమయ్యాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే చిన్నకొడుకు ఒక సంక్రాంతికి తన స్పీకర్లు పట్టుకొచ్చాడు. చంకలో ఇమిడేంత కొత్త పెట్టెలు. ఐదంగుళాల కోను, వెనక గాలి పోయే రంధ్రం.

భోగినాడే తగువు మొదలైంది.

"అన్నయ్యా, నీవి దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టున్నాయి."

"నీవి చెవిలో సూదులు గుచ్చుతున్నాయిరా. నాన్నగారి స్పీకర్ల మెత్తదనం వీటికెక్కడిది?"

కనుమ నాటికి అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి. అమ్మ చూసి చూసి, ఆయన ఉన్న రోజుల నుంచీ ఇంటికి వచ్చే రేడియో మేస్త్రికి కబురు పెట్టింది.

మేస్త్రి వచ్చీ రాగానే పాట పెట్టమనలేదు. పెద్ద పెట్టె ముందున్న గుడ్డచట్రం తీసి టార్చి వేశాడు. కోను చుట్టూ ఉండే ఫోము ఉంగరం వేలు తగలగానే జిగటగా రాలిపోయింది. ఏళ్ళ తరబడి తేమ తగిలితే ఆ రకం ఫోముకి అదే గతి. సముద్రం పక్కనున్న ఊళ్ళో ఇంకా తొందరగా పడుతుంది. తర్వాత అరచేత్తో కోనుని నెమ్మదిగా లోపలికి నొక్కి వదిలాడు. అది టక్కున వెనక్కి వచ్చేసింది.

"ఇది నిదానంగా రావాలి బాబూ. పెట్టెలో గాలి బిగదీసి ఉంటే అలా వస్తుంది. దీనికి ఊపిరి పోతోంది."

ఆ ఊపిరే ఈ పెట్టెకి ప్రాణం. 1954లో ఎడ్గార్ విల్చర్, ఆయన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టింది ఆ ఒక్క ఊహని నమ్ముకునే. అంతకుముందు నిజమైన మంద్రం వినాలంటే బీరువా అంత డబ్బా ఉండాలి. కోనుని పట్టి ఉంచే బిగువైన అంచే స్ప్రింగులా పనిచేసేది. శబ్దం పెరిగేకొద్దీ ఆ స్ప్రింగు తడబడి నాదాన్ని చెడగొట్టేది. విల్చర్ ఆ అంచుని వదులు చేసి, సందులేకుండా మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగు చేశాడు. బీరువా పుస్తకాల అరలోకి వచ్చింది, మంద్రం చెడలేదు. అయితే ఆంప్లిఫయరు మీద బరువు పెరిగింది. 1967లో వచ్చిన ఏఆర్-3ఎ ఆ వంశంలోదే. ఉంగరం చిరిగిన రోజునే ఆ పెట్టెలో విల్చర్ ఊహ ఆగిపోయింది. మిగిలింది చెక్కా, పన్నెండంగుళాల కాగితమూ.

మేస్త్రి పెట్టెని వెనక్కి తిప్పాడు. అక్కడ రెండు తిప్పుడు కంట్రోళ్ళు ఉన్నాయి, మధ్యస్థాయికి ఒకటి, తారస్థాయికి ఒకటి. తిప్పితే గరగరమన్నాయి. లోపలంతా చిలుము. దాంతో తారస్థాయి పలికే ముప్పావంగుళం బుడిపెలాంటి ట్వీటరు ఒక పెట్టెలో పూర్తిగా మూగబోయింది, రెండోదాంట్లో గొణుగుతోంది. ఒక్కరోజులో పోయినది కాదు కనక ఇంట్లో ఎవరూ గమనించలేదు.

చిన్నవాడు సెలవు పొడిగించుకున్నాడు. వారం పట్టింది. కొత్త ఉంగరాలు అతికించి, కంట్రోళ్ళు విప్పి చిలుము గీకి, పెట్టెలు మళ్ళీ బిగించాక మేస్త్రి పాట పెట్టమన్నాడు. తంబురా జుమ్మని లేచింది. పెద్దకొడుకు ముఖం వాడిపోయింది.

"ఇవి నాన్నగారి స్పీకర్లు కావు మేస్త్రిగారూ."

"నాన్నగారు చెవులారా విని కొనుక్కున్నది ఇదే బాబూ. మీరు అలవాటుపడింది చిలుముకి."

పెద్దకొడుకు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, ఆ పై స్వరం కొంచెం తగ్గించుకోవచ్చా అని అడిగాడు. "అందుకేగా కంట్రోలు పెట్టారు" అని మేస్త్రి అతని చేతే తిప్పించాడు.

తర్వాత చిన్నవాడి వంతు. అతని స్పీకర్లు గాజు బీరువా మీద, గోడకి ఆనుకుని ఉన్నాయి. వెనక రంధ్రం గోడకేసి ఊదుతుంటే మంద్రం ఉబ్బిపోయి గుబగుబమంటోంది. మేస్త్రి వాటిని రెండడుగులు ముందుకు లాగి, చెవి ఎత్తుకి స్టూళ్ళ మీద పెట్టాడు. ఆంప్లిఫయరు అదే గీత దగ్గర ఉన్నా కొత్తవి కాస్త గట్టిగా పలుకుతున్నాయి. చిన్నవాడు స్పష్టత అనుకున్నదాంట్లో సగం ఆ గట్టిదనమే. కుర్చీ దగ్గర ఫోనులో డెసిబెల్ మీటరు పెట్టి రెండింటినీ సమానం చేశారు. అమ్మ పాత వాయిల్ చీరని అడ్డంగా తీగ మీద ఆరేసింది. పల్చటి బట్ట, నాదాన్ని ఆపదు.

మొదట గాత్రం. పెద్దవాడు కళ్ళు మూసుకుని "ఇది నాన్నగారిది" అన్నాడు. కాదు, తమ్ముడిది. ఆ తర్వాత మృదంగం. తొప్పి మోగగానే చిన్నవాడు తడుముకోకుండా చెప్పాడు: "ఇది పాతదే. ఈ లోతు నా దాంట్లో రాదు." అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి విని, కొత్తదాంట్లో మాట ఇక్కడికీ అలాగే వస్తోంది అంది. ఎదురుగా ఉన్నవాళ్ళకీ పక్కన ఉన్నవాళ్ళకీ ఒకే తీరున వినబడేలా మలచడం ఈ కాలంవాళ్ళు కొలిచి కొలిచి నేర్చుకున్న విద్య.

నీతి: రోగినీ ఆరోగ్యవంతుణ్ణీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరి కాలం గొప్పదో తేల్చకూడదు.

పాతవాటిని పొగిడేవాళ్ళూ తెగిడేవాళ్ళూ కూడా చాలామంది వింటున్నది అసలు యంత్రాన్ని కాదు, దాని జబ్బుని. 1960 ప్రాంతాల్లో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే వాద్యబృందం పక్కనే ముందుతరం ఏఆర్-3లను పెట్టి, వాయిద్యానికీ రికార్డుకీ మధ్య మారుస్తూ సభలు జరిపింది. ఎక్కడ మారిందో శ్రోతల్లో చాలామంది పట్టుకోలేకపోయారు. దుప్పటి కప్పుకున్న నాదంతో ఆ పని అయ్యేది కాదు.

కంటి సంగతి వేరే. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు స్పీకర్లు తయారుచేసే హర్మన్ కంపెనీ ఉద్యోగులకే స్పీకర్లు వినిపించారు, ఒకసారి కనబడేలా, ఒకసారి తెర చాటున. మార్కులు మారిపోయాయి. చిన్న, చవక పెట్టెకి కన్ను ముందే తగ్గించి వేసింది. నిత్యం ఆ పనిలో ఉన్నవాళ్ళే అలా పొరబడితే, తండ్రి జ్ఞాపకం ఒక పెట్టె మీదా, సొంత జీతం ఇంకో పెట్టె మీదా పెట్టుకున్న అన్నదమ్ముల్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ మెత్తదనం మీద పెద్దవాడి ప్రేమ నిజమే. ఆ ప్రేమ నాన్నగారి మీద, స్పీకరు మీద కాదు.

నాన్నగారి పెట్టెల కంట్రోళ్ళని అప్పుడప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతూ ఉండాలి, లేకపోతే చిలుము మళ్ళీ పడుతుంది. మేస్త్రి ఆ మాట చెప్పి వెళ్ళాడు. పెద్దకొడుకు అమావాస్యకీ పున్నమికీ తిప్పుతున్నాడు. తిప్పాక, తను పెట్టుకున్న గుర్తు దగ్గరికి తెచ్చి ఆపుతాడు.