ఒంటిచేతి సేనాని

మన గోదావరీ మండలమువారికి సర్ ఆర్థర్ కాటన్ పేరు క్రొత్త కాదు. సైన్యోద్యోగియైన ఆ యింజనీరు 1847 మొదలుకొని 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి, యుద్ధమునుబట్టి గాక అన్నమునుబట్టియే జ్ఞాపకము చేసికొనబడుచున్నాడు. అదే శతాబ్దమున అమెరికాలో సేనానిగానుండి విద్యాలయాధ్యక్షుడైన భక్తుడొకడు కలడు. ఆయన పేరు ఆలివర్ ఓటిస్ హోవర్డు.

1830లో మెయిన్ రాష్ట్రమున జన్మించి, తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రిని పోగొట్టుకొని, 1854లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమునుండి పట్టభద్రుడాయెను. 1857లో ఫ్లోరిడాలోని టాంపాలో మెథడిస్టుల కూటమున ప్రభువును కనుగొనెను. సేవకుడుగా అభిషేకము పొందవలెనని తలంచుచుండగానే అంతర్యుద్ధము వచ్చెను. 1862 జూన్ 1న ఫెయిర్ ఓక్స్ పోరాటమున కుడిచేయి పోయెను. ఎడమచేయి లేని సేనాని కెర్నీ పరామర్శింప రాగా, ఇకమీదట మనమిద్దరము చేతితొడుగులు ఒక్క జతయే కొనుక్కొందమని హోవర్డు నవ్వుచు పలికెనట! మూడు నెలలు తిరుగకమునుపే మరల దండులోనికి వచ్చెను. అయితే 1863 మేలో ఛాన్సలర్స్‌విల్ వద్ద, శత్రువు ప్రక్కనుండి వచ్చుచున్నాడను హెచ్చరికలను లక్ష్యపెట్టక తన దళమును చెదరగొట్టించుకొనెను. కావలివాడు మెలకువగా నుండవలసిన గడియలో అతని ప్రార్థనాపరత్వము అతనికి బదులుగా కావలి కాయలేదు.

1865లో దాస్యవిముక్తులైన సుమారు నలుబది లక్షలమంది నీగ్రోల క్షేమమునకై యేర్పడిన ప్రభుత్వ శాఖకు ఆయనను అధిపతిగా నియమించిరి. 1867లో వాషింగ్టన్‌లో ఆయన పేరనే విశ్వవిద్యాలయము వెలసెను. 1869లో ఆయనయే దాని అధ్యక్షుడాయెను. జాతిభేదము లేదు, స్త్రీపురుష భేదము లేదు. మొట్టమొదట చేరినవారు ధర్మకర్తల కుమార్తెలైన తెల్ల బాలికలే యని చెప్పుదురు. 1868లో అట్లాంటాలో నొక పాఠశాలకు వెళ్లి, ఉత్తరాదివారికి మీ పక్షమున ఏమి చెప్పుమందురని ఆయన బాలురనడుగగా, రిచర్డ్ రైట్ అను బాలుడు లేచి, మేము పైకి లేచుచున్నామని చెప్పుడనెను. ఆ బాలుడే పెద్దవాడై 1891లో సవన్నాలో కళాశాలాధ్యక్షుడును, 1898లో సైన్యమున మేజరును ఆయెను.

చదువరీ, ఇంతవరకు చదువుట సులభము. 1865 అక్టోబరులో జరిగినదానిని కూడ చదువవలెను. విముక్తులకు భూములు పంచిపెట్టవలెనని హోవర్డు ఆజ్ఞ వ్రాసియుండెను. అధ్యక్షుడు జాన్సన్ దానిని త్రోసివేసి, భూములను మునుపటి యజమానులకే తిరిగి ఇప్పింపుమని ఆయననే ఎడిస్టో ద్వీపమునకు పంపెను. దేవాలయము నిండ జనము. ఆయన నోటనుండి మాట వచ్చుటతోనే కేకలు లేచెను. అంతలో నొక వృద్ధ స్త్రీ దుఃఖపు పాట నెత్తుకొనగా అందరును అందుకొనిరి. యజమానులను క్షమింపుడని హోవర్డు వారిని బతిమాలెను. తరువాత ఆ ద్వీపవాసులు ఆయనకు వ్రాసిన లేఖ నేటికిని నిలిచియున్నది. నీవు పోగొట్టుకొన్నది కుడిచేయి మాత్రమే, నీవు క్షమింపవచ్చును. నన్ను చెట్టునకు కట్టి ముప్పది తొమ్మిది దెబ్బలు కొట్టినవానిని, నా తల్లిని చెల్లెలిని కొట్టినవానిని నేనెట్లు క్షమింతును? అని దాని సారాంశము. పరుల గాయములమీద క్షమాపణ బోధించుట ఎంత తేలికయో ఆ ప్రజలు ఎరిగియుండిరి. హోవర్డు పదవి విడిచిపెట్టలేదు. విడిచినయెడల పాఠశాలలు ఏమగునో యను భయము అట్టివానికి కలుగక మానదు. ఆ భయము న్యాయమైనదే. అయినను భూమి పోయెను.

డబ్బు విషయమై ఆయనమీద వచ్చిన నిందలు 1870లోను 1874లోను విచారణలో నిలువలేదు. 1874లో ఆయన మరల సైన్యములోనికి వెళ్లెను. వల్లోవా లోయను జోసెఫు నాయకుని ప్రజలనుండి తీసికొనుట గొప్ప తప్పిదమని తన నివేదికలో వ్రాసిన ఆ చేయియే, 1877లో ముప్పది దినములలో ఆ లోయను ఖాళీ చేయవలెనను ఆజ్ఞ నిచ్చెను. పిల్లలతో వృద్ధులతో వెయ్యి మైళ్లకు పైగా పారిపోయిన ఆ జనము అక్టోబరు 5న లోబడెను. తమ దేశమునకు పంపబడుదుమని నమ్మి ఆయుధములు దింపినవారిని ప్రభుత్వము దూరదేశమునకు తరలించెను.

1897లో టెన్నెసీ పర్వతములలోని బీదల బిడ్డలకై మరియొక విశ్వవిద్యాలయమును స్థాపించుటకు హోవర్డు సాయపడెను. 1904లో కార్లైల్ ఇండియన్ పాఠశాల ఉత్సవమున ఆయనయు జోసెఫును కలిసికొని, ఒకే సభలో మాటలాడిరి. ఆ సెప్టెంబరులోనే జోసెఫు, వల్లోవాలో నివసించుటకు సెలవు దొరకకయే, కోల్విల్ ప్రాంతమున కన్ను మూసెను.